ఆరో ఏడాది ఆటగాడు

కాలేజీలో ఒక ఆటగాడు ఎన్నేళ్ళు ఆడవచ్చు, దానికి హద్దు ఉండాలా వద్దా అని మా ఆఫీసు క్యాంటీన్లో ఎప్పుడైనా వాదన మొదలైతే నేను టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చేస్తాను. హద్దు ఉండాలనే నా అభిప్రాయం. కాకపోతే ఆ అభిప్రాయం నాకు మంచి బుద్ధితో కలగలేదు. అందుకే నలుగురిలో చెప్పడానికి నోరు రాదు.

ఎనభైల మొదట్లో ఖమ్మంలో బీయే చదువుతూ నేను మా కాలేజీ కబడ్డీ టీంలో ఉండేవాణ్ణి. ఉండేవాణ్ణి అంటే, గీత బయట కూర్చునేవాణ్ణి. మాది దమ్మపేట దగ్గర వ్యవసాయ కుటుంబం. మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ భూమి కొన్నాడు. ఇంట్లో పాడికీ పంటకీ లోటు లేదు, నా ఒంట్లో బలానికీ లోటు లేదు. కానీ టీంలో మొదటి కూతకు వెళ్ళే చోటు మా కెప్టెన్‌ది. ఆయన ఉన్నంతకాలం అది నాకు రాదని నాకూ తెలుసు, అందరికీ తెలుసు.

ఆయన భద్రాచలం అవతల, దుమ్ముగూడెం అడవిలో ఒక కోయగూడెం నుంచి వచ్చినవాడు. అందరిలో పెద్ద. అందరం అన్నా అనేవాళ్ళం. నేను కాలేజీలో చేరేనాటికే ఆయనకది నాలుగో ఏడు. బీయేకు మూడేళ్ళే కదా అంటారేమో. ఆయన ప్రతి ఏడూ ఇంగ్లీషు పేపరు రాయకుండా వదిలేసేవాడు. వదిలేయించేవాళ్ళు అనడం న్యాయం.

వదిలేయించేది మాకు ఆటలు నేర్పే పీడీ సారు. "రాయకురా ఈసారికి," అనేవాడు. "పాసైనవంటే పేరు కొట్టేస్తరు. హాస్టల్ల మంచం గూడ పోతది. ఒక్కపాలి యూనివర్సిటీ టీంల నీ పేరు పడనీ. గా సర్టిఫికెట్ చేతికొస్తే కొలువు జల్దీ దొరుకుతది." ఒక్క పేపరు మిగిలి ఉంటే పేరు ఇంకో ఏడాది కాలేజీ రిజిస్టర్లో ఉంటుంది. పేరు ఉంటే జిల్లా కప్పు మా కాలేజీకే వస్తుంది. ప్రిన్సిపాల్ గదిలో బీరువా మీద వరసగా పెట్టిన కప్పులన్నీ అలా వచ్చినవే.

ఇంగ్లీషే ఎందుకు వదలాలంటే, కోయ పిల్లగాడు ఇంగ్లీషులో తప్పితే ఎవరికీ అనుమానం రాదు. ఈ మాట సారు నవ్వుతూనే అన్నాడు. మేమూ నవ్వాం. అన్న కూడా నవ్వాడు. నిజానికి హాస్టల్‌కు వచ్చే ఇంగ్లీషు దినపత్రిక చదివి మాకు అర్థం చెప్పేది ఆయనే. పరీక్ష హాల్లో అరగంట గడవందే ఎవరినీ బయటికి పంపరు. ఆ అరగంటలో ఆయన జవాబు కాగితం మీద హాల్‌టికెట్ నెంబరు గుండ్రంగా రాసి, ప్రశ్నపత్రం మొదటి నుంచి చివరిదాకా చదువుకుని, ఖాళీ కాగితం ఇచ్చి వచ్చేవాడు. "ఈసారి అన్నీ వచ్చినయే అడిగిండ్రు తమ్మీ," అని ఒకసారి నాతో చెప్పి, బట్టలు మార్చుకుని గ్రౌండ్‌కు పోయాడు.

ఆ సర్టిఫికెట్ మాత్రం ఏళ్ళు గడుస్తున్నా రాలేదు. ఒక ఏడాది సెలక్షన్లకు వారం ముందు భుజం తప్పింది. మరుసటి ఏడాది ఎంపిక చేసేవాళ్ళకు కావలసినవాళ్ళు వేరే ఉన్నారు. ఆ మరుసటి ఏడాది జాబితాలో ఒక్క పేరు తేడాతో ఆగిపోయాడు. ఆయన నాయన అడవిలో వెదురు కొట్టించే కూపులో కూలికి గడలు నరికి నరికి నడుం పోగొట్టుకున్నాడు. ఏమైనా సరే తను మాత్రం కత్తి పట్టుకుని కూపుకు పోనని అన్న మాతో అనేవాడు.

నాకు ఆయన మీద జాలి ఉండేది. దానికంటే ఎక్కువ విసుగు ఉండేది. ఈయన ఇక్కడే పెళ్ళి చేసుకుని, ఇక్కడే ముసలివాడై, ఇక్కడే పోతాడని బయట కూర్చున్న మేమిద్దరం ముగ్గురం వెటకారం చేసుకునేవాళ్ళం. నాదీ ఆఖరి సంవత్సరమే. నాకూ ఆ సర్టిఫికెట్ కావాలి. ఇంట్లో ఎకరాలుంటే కొలువు అక్కర్లేదని ఎవరన్నారు?

అప్పుడు యూనివర్సిటీ నుంచి సర్క్యులర్ వచ్చింది. కాలేజీలో చేరి ఐదేళ్ళు దాటినవాళ్ళు ఇక ఆడకూడదు. మా అన్నది ఆరో ఏడు. నోటీసు బోర్డు ముందు నిలబడి నేను ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను. దాచుకోవడం దేనికి, చాలా సంతోషించాను. అయితే కింద ఇంకో వాక్యం ఉంది. ఇప్పటికే రిజిస్టర్లో ఉన్న ఆటగాడికి ఒక్క ఏడాది మినహాయింపు కావాలంటే, ప్రిన్సిపాల్ ఉత్తరం ఆ శనివారం సాయంత్రంలోగా యూనివర్సిటీ ఆఫీసులో అందాలి.

ఉత్తరం శుక్రవారం తయారైంది. పోస్టులో వేస్తే అందదు. యూనివర్సిటీ ఉన్న ఊళ్ళో మా మేనత్త ఉంది, నేను ఎలాగూ వెళ్ళేవాణ్ణి, అందుకని సారు దాన్ని నా చేతికే ఇచ్చాడు. అన్న నన్ను సాగనంపడానికి ఖమ్మం స్టేషన్ దాకా వచ్చాడు. "పైలంగ ఇయ్యి తమ్మీ," అన్నాడు. నా టికెట్ ఆయనే కొన్నాడు.

నేను యూనివర్సిటీకి వెళ్ళాను. అది అబద్ధం కాదు. మధ్యాహ్నం నుంచి ఆఫీసు ఎదుట క్యాంటీన్లో కూర్చున్నాను. నాలుగైంది, నాలుగున్నరైంది. గుమాస్తాలు ఒక్కొక్కరే సైకిళ్ళు తీసుకుని వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇద్దామని ఒకసారి లేచాను కూడా. రూలంటే రూలే కదా, ఆరేళ్ళు చాలవా, నా సంగతేంటి అని నాకు నేనే చెప్పుకుని మళ్ళీ కూర్చున్నాను. తిరుగు రైల్లో డోర్నకల్ దాటాక ఆ ఉత్తరాన్ని ముక్కలు చేసి కిటికీలోంచి వదిలాను.

"ఇచ్చినవా తమ్మీ?" అన్నాడు అన్న.

"ఇచ్చేశానన్నా," అన్నాను. అందినట్టు ఆఫీసు ముద్ర వేయించుకు రమ్మని ముందే చెప్పాలన్న ఆలోచన మా సారుకు రాలేదు. మా కాలేజీలో అందరికీ ఆటలే తెలుసు.

జవాబు రాలేదు. రాకపోతే లేనట్టే అని సారు చేతులు దులుపుకున్నాడు. ఆ ఏడు మొదటి కూతకు నేను వెళ్ళాను. దానికి నన్ను తయారు చేసింది అన్నే. పొద్దున్నే గ్రౌండ్‌కు వచ్చి, వెనక్కి తిరిగేటప్పుడు కుడికాలు ఎక్కడ పెట్టాలో, మోకాలి దగ్గర పట్టు పడితే ఎలా విడిపించుకోవాలో తనకు తెలిసిందంతా చెప్పాడు. "గట్ల గాదు తమ్మీ, గిట్ల," అని మళ్ళీ మళ్ళీ చేసి చూపించేవాడు. ఆ చలికాలం యూనివర్సిటీ టీంలో నా పేరు పడింది. ఆ సర్టిఫికెట్ మీదే నాకు సర్కారు కొలువు వచ్చింది. ఈ రోజు దాకా తింటున్నది ఆ అన్నమే.

ఇక ఆడేది లేదు కాబట్టి ఇంగ్లీషు పేపరు రాసి పాసవుతానన్నాడు అన్న. ఈలోగా పాత పాఠాలు పోయి కొత్తవి వచ్చాయి. పుస్తకం మారింది, ప్రశ్నలడిగే పద్ధతి మారింది. మార్చిలో రాశాడు, అక్టోబరులో రాశాడు. రెండుసార్లూ నిండా రాశాడు, రెండుసార్లూ తప్పాడు. హాస్టల్లో మంచం తీసేసిన రోజు రేకు పెట్టె భుజాన పెట్టుకుని భద్రాచలం బస్సెక్కాడు. సారు ఊళ్ళో లేడు. ఆ ఎండాకాలానికి అన్న కూపులో చేరాడని తర్వాత తెలిసింది.

హద్దు ఉండాలని ఇప్పటికీ అంటాను. మొదటి రోజే చెప్పే హద్దు ఉండాలి. ఇన్నేళ్ళే నీకు ఇక్కడ అని చేరేనాడు చెబితే మనిషి తన చదువు తను చూసుకుంటాడు. ఆరేళ్ళు వాడుకున్నాక తెచ్చిన రూలు ఆటగాణ్ణి ఆపింది గానీ ఖాళీ కాగితం ఇప్పించినవాళ్ళను ఏమీ అనలేదు. బీరువా మీది కప్పులు అక్కడే ఉన్నాయి. నన్ను కూడా ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికీ తెలియదు కదా.

తొంభైలలో ఒక ఏడు గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు మా ఆఫీసు నుంచి కొందరిని భద్రాచలం డ్యూటీకి పంపారు. ముంపు గూడేలవాళ్ళను ఒక బడిలో ఉంచారు. వరండాలో బల్ల వేసుకుని కుటుంబాల పేర్లు రాసి బియ్యం చీటీలు ఇవ్వడం నా పని. వరసలో నా ముందుకు వచ్చినవాడు పేరు చెప్పలేదు. నవ్వుతూ నిలబడ్డాడు. జుట్టు సగం నెరిసింది, ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. నేను గుర్తుపట్టాను. కుర్చీలోంచి లేచాను.

"మంచిగున్నవా తమ్మీ?" అన్నాడు. వెనక నిలబడ్డ భార్యను ముందుకు పిలిచాడు. "నే చెప్పలే? యూనివర్సిటీ దాకా పోయి నా కాయితం ఇచ్చొచ్చింది ఈ తమ్ముడే."

ఆమె నాకు దండం పెట్టింది. "గప్పటిసంది ఈయన ఒక్కటే మాట సారూ," అంది. "గా కాయితం అసలు సదివిన్రా, సదవకుండనే పారేసిన్రా అని. మీరు ఇచ్చిన్రు గదా. ఆళ్ళేమన్నరు?"

అన్న ఆమెను వారించలేదు. నా ముఖంలోకే చూస్తున్నాడు. వెనక వరస పెరుగుతోంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ దొరకదని తెలుసు.

"చదివారమ్మా," అన్నాను. "అక్కడి పెద్దసారు చదివాడు. చాలా మంచి ఆటగాడే గానీ రూలు ఒప్పుకోదన్నాడు."

"మంచి ఆటగాడన్నడా?" అన్నాడు అన్న.

"అన్నాడన్నా."

ఆయన భార్య వైపు తిరిగి ఆ మాట కోయలో చెప్పాడు. ఆమె తలూపింది. ఆయన ఇంకోసారి చెప్పాడు.