కాలు మీద బరువు

నేను ఖోఖో ఆడేదాన్ని. పదో తరగతిలో ఒకరోజు గ్రౌండులో ఉరుకుతుంటే మోకాలు మడతపడి అలాగే బిగుసుకుపోయింది. ఎముక చివర ఉండే మృదులాస్థి, కింది ఎముక పెచ్చుతో సహా ఊడొచ్చిందట. హనుమకొండ దవాఖానలో డాక్టర్ సార్ ఆ ముక్కను మళ్లీ దాని చోట పెట్టి రెండు చిన్న స్క్రూలు బిగించారు. అది అతుక్కుంటేనే మళ్లీ ఆట. అసలే బాపుకు నా ఆటంటే గిట్టదు. "ఇంకోపారి ఏమన్నైతే ఆట బందే" అని ముందే తేల్చేశాడు.

"ఆరు వారాలు కాలు మీద బరువు వెయ్యొద్దమ్మా" అని సార్ అమ్మకు చెప్పి పంపారు. ఇంటికి రాగానే అమ్మ నా కాలి మీంచి దుప్పటి తీసేసింది. అన్నం కంచం ఒళ్లో పెట్టుకోనివ్వలేదు. పిల్లి అటువైపు వస్తే చీపురు అందుకునేది. నడుస్తానంటే మాత్రం అడ్డు చెప్పలేదు! కాలు కింద మోపొద్దని సార్ ఉద్దేశమని నాకు తెలుసు. కానీ దవాఖానలో ఇచ్చిన చంక కర్రలంటే చచ్చేంత చిరాకు. "నొప్పి ఉన్నోళ్లకేనమ్మా అవి" అని చెప్పి, రెండు రోజులు ఇల్లంతా కుంటుకుంటూ తిరిగాను. ఏం మనిషినో నేను!

కట్టు మార్చే రోజు అమ్మాబాపులతో దవాఖాన ముందు ఆటో దిగి నడిచొస్తుంటే ఫిజియో మేడం చూసింది.

"ఎవరు నడువుమన్నరు? ముక్క కదిలితే మల్ల కోయాలె!"

బాపు మొహం మాడిపోయింది.

"నేనే మేడం" అంది అమ్మ. "బరువంటే మీద పెట్టేటివి అనుకున్న. నా తెలివి తెల్లారినట్టే ఉన్నది."

తిట్లన్నీ తనే తింది. ఎక్స్‌రే తీశారు. స్క్రూలు కదల్లేదు. ఆ తర్వాత కర్రలు వదిలితే ఒట్టు.

ముక్క అతుక్కుంది. ఏడాదికి మళ్లీ గ్రౌండులోకి దిగాను, ఇప్పుడు పిల్లలకు ఆట నేర్పుతున్నాను. ఆ సార్ చల్లగా ఉండాలి.

మొన్న కాశిబుగ్గలో మా ఇంట్లో అమ్మ మగ్గానికి నూలు కండెలు చుడుతుంటే ధైర్యం చేసి చెప్పేశాను, ఆరోజు తెలిసే నడిచానని. అమ్మ రాట్నం ఆపలేదు.

"నాకు ఎర్క లేదనుకున్నవా? మేడం ఒర్లంగనే నీ మొఖం జూసిన. నీ పేరు జెప్తే మీ బాపు నిన్ను మల్ల ఆడనిచ్చేటోడా బిడ్డా?"