సముద్రపు తొట్టికి అవ్వ వైద్యం

భూపాలపల్లిలోని మా క్వార్టర్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి ఎనిమిది నెలలైంది. రాళ్ల మీద గులాబీ పొరలా పెరిగే కోరలైన్ ఆల్గే కోసం రోజూ అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాను. ఒక్క చుక్క రాలేదు.

ఈ రోజు నర్సింహులపేట నుంచి వచ్చిన అవ్వ, తమలపాకుకు సున్నం రాసుకుంటూ ఆ తెల్లరాళ్లను చూసింది. ఇవి గులాబీ రంగెక్కట్లేదని చెప్పాను.

"సున్నం తక్కువైంది బిడ్డా. సున్నం సాలకపోతే నోరెట్ల పండుతది?"

పడీపడీ నవ్వాను. తర్వాత అనుమానమొచ్చి నీళ్లు పరీక్షించాను. కాల్షియం, అంటే సున్నంలో ఉండేదే, నిజంగా తక్కువ! అవ్వను పట్టుకుని గిరగిరా తిప్పేశాను.

"జర ఆగు, కండ్లు తిరుగుతున్నయ్! గట్లయితే వక్క గూడ ఎయ్యాల్నా?" అంది.

వక్క పట్టుకుని తొట్టి దగ్గరే నిలబడింది. చేపల తరఫున అడుగుతున్నాను, ఆమెకేం చెప్పమంటారు?