గల్లీ పొయ్యి, దొడ్డు కత్తి

మా చిన్నత్త మొన్న మంగళవారం పొద్దున పోయింది. కామత్‌ఘర్‌లో మా పక్క ఖోలీ, అదే ఒంటిగది, ఆమెది. బియ్యం కడిగి పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుందట. పాలవాడు పిలిస్తే పలకలేదు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. చూడటానికి వచ్చినవాళ్లంతా ఆమె మంచితనం గురించి ఒక మాట అని, వెంటనే ఇంకో మాట కూడా అన్నారు: "పాపం, ఇగ ఆ పొయ్యి గూడ పాయె." నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇదంతా రాస్తున్నది ఆ కోపంతోనే.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మా ఆయన ఆమెను చిన్నమ్మా అని పిలిచేవాడు, అందుకని నాకు చిన్నత్త అయింది. సిరిసిల్ల వైపు నుంచి భర్తతో ఈ పరరాష్ట్రానికి సాంచెల పనికి, అంటే మరమగ్గాలు నడపడానికి, వచ్చింది. భర్త పోయాక ఊరికి వచ్చెయ్యమని అందరూ అన్నారు. వెళ్లలేదు. బిస్సీ పెట్టింది. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చి సాంచెలు నడిపే మగవాళ్లకు రెండు పూటలా అన్నం పెట్టే చోటును ఇక్కడ బిస్సీ అంటారు. ఆమె దగ్గర ఇరవై ఇద్దరు తినేవారు. అంత వంట ఖోలీలో సాగదు కనుక పొయ్యిని గల్లీలో, గుమ్మం పక్కన వేసుకుంది. గ్యాసు బండ చాయ్ కోసం. అన్నం మాత్రం కట్టెల మీదే.

మా గల్లీలో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తిరగాలి. అక్కడ గొడ్డలి ఎత్తే చోటు ఎక్కడిది? అందుకని చిన్నత్త కట్టెలు కత్తితో చీల్చేది. లారీ కమాన్ పట్టీని సాగగొట్టించి చేయించుకున్న దొడ్డు కత్తి అది. మొన నుంచి పిడి దాకా ఒకటే ఇనుము, వీపు బొటనవేలంత మందం. కొత్తకోడలిగా వచ్చిన వారానికే, నేను చీలుస్తానని అది అందుకున్నాను. మా ఊళ్లో గొడ్డలి పట్టినదాన్నే కదా అని గర్వం. పైకెత్తి వేశాను. కత్తి కట్టెలో వంకరగా దిగి ఇరుక్కుంది, నా మోచెయ్యి ఎదురింటి గోడకు తగిలి తోలు లేచింది.

"ఏందే, కట్టె చీలుస్తున్నవా, ఎవలనన్న నరుకుతున్నవా?" అంది చిన్నత్త. "కత్తితోని కొట్టద్దు. కత్తి మీద కొట్టాలె."

పీట మీద కూర్చుని చూపించింది. కట్టెను నిలబెట్టింది. దాని నెత్తిన కత్తిని అడ్డంగా ఆనించి, కత్తి వీపు మీద ఒక చెక్క దుడ్డుతో మెల్లగా ఒక దెబ్బ. అంచు దిగింది. కట్టెకు అవతల కనిపిస్తున్న మొన మీద ఇంకో నాలుగు దెబ్బలు. తుమ్మమొద్దు రెండయింది. చెయ్యి భుజం కంటే పైకి లేవనేలేదు. దుడ్డు బదులు ఇనుప సుత్తి తీసుకుంటే త్వరగా అవుతుంది కదా అన్నాను. "ఇనుమును ఇనుముతోని కొడితె దానికి కోపమొస్తది. పిడి పట్టినోని చెయ్యి తింటది," అంది.

చిన్నత్త శాంతమూర్తి అని రాయమంటున్నారు కొందరు. నేను రాయను. నోరు ఊరుకునేది కాదు. తాగి వచ్చినవాణ్ణి గరిటె చూపించి తరిమేది, మర్నాడు వాడు తల వంచుకుని వస్తే రెండో గరిటె పప్పు అడక్కుండానే వేసేది. వంట బాగుందంటే, "బాగుంటె తిను, ముచ్చట్లెందుకు?" అనేది.

ఆమె పోరాటమంతా ఈ ఖోలీల వరస సొంతదారుతో, మా చాల్ మాలిక్‌తో. పొయ్యి తీసేస్తే ఆ చోట మెట్లు కట్టి పైన ఇంకో ఖోలీ వేసుకోవచ్చని ఆయన ఆశ. వచ్చినప్పుడల్లా ఒకటే పాట: "మౌసీ, గల్లీ తుమ్హారా ఘర్ నహీ హై." చిన్నత్త కట్టె మీద నుంచి కళ్లు ఎత్తకుండానే జవాబిచ్చేది. "గల్లీ నా ఇల్లు గాదు, సరే. నీ ఇల్లు గూడ గాదు గద సేట్. ఎవలదో వాళ్లను పిలుచుకొని రా, మాట్లాడుత." ఆయన ఎవరినీ తీసుకురాలేదు. పొయ్యి వెలుగుతూనే ఉంది.

ఒక వానాకాలం మోకాళ్ల లోతు నీళ్లు గల్లీలోకి వచ్చాయి. రెండు రోజులకు నీళ్లు దిగాయి గానీ గ్యాసు బండి రాలేదు, కట్టెలన్నీ నానిపోయాయి. ఇవాళ్టికి పొయ్యి వద్దు అన్నాను నేను. చిన్నత్త వినలేదు. ఒక్కో మొద్దును నాలుగు చీలికలు చేసి, పైపొర చెక్కి పక్కన పడేసి, లోపలి పొడి కట్టెను వేలెడంత సన్నగా చీల్చింది. "పైన నానుతది. కడుపులకు గంత జల్ది నీళ్లు పోవు," అంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పొద్దంతా చీలికలు చేయించింది. మధ్యాహ్నానికి గంజులో అన్నం ఉడికింది. అప్పటి నుంచి రోజూ ఆమె పక్కనే నా పీట. ఎన్నో ఏళ్లు.

మంగళవారం ఆమెను ఇంకా ఎత్తకముందే, మాలిక్ పొయ్యి దగ్గర నిలబడి ఆ చోటును అడుగులేసి కొలవడం నేను చూశాను. మైల అని పదకొండు రోజులు పొయ్యి ఆరితే ఇరవై ఇద్దరూ వేరే బిస్సీలు వెతుక్కుంటారు. పన్నెండో రోజు అక్కడ మెట్లు లేస్తాయి. నాకది చాలా స్పష్టంగా కనిపించింది.

మగవాళ్లు శ్మశానం నుంచి వచ్చి, నల్లా కింద స్నానాలు చేసేసరికి రెండు దాటింది. పొద్దుటి నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ లేదు. నేను పీట వేసుకుని కట్టె నిలబెట్టాను. నాగావ్ నుంచి వచ్చిన చిన్నత్త బావగారు అడ్డం వచ్చారు.

"ఏం పని పిల్లా ఇది? సచ్చిన ఇంట్ల మైల తీరకుండ పొయ్యి ముట్టిస్తరా? ఒక్కపూట వడాపావ్ తింటె ఏమైతది?"

"మైల ఇంటికి మామా. పొయ్యి ఇంట్ల లేదు, గల్లీల ఉన్నది. గల్లీ ఆమె ఇల్లు గాదని మాలిక్ ఇన్నేండ్ల సంది చెప్తనే ఉండె."

"ఎవలు ఒండుతరు?"

"నేనొండుత. రేపు గూడ నేనే."

మొదటి దెబ్బ పక్కకు పోయింది. రెండోది పడింది. కళ్ల నీళ్లకు కట్టె సరిగ్గా కనిపించలేదు, అయినా చీల్చాను. పెద్దాయన వెళ్లి గుమ్మం అవతల కూర్చున్నారు.

వాన మొదలైంది. గల్లీ మీద కట్టిన టార్పాలిన్ కింద రెండు పక్కలా గోడలకు వీపు ఆనించి ఇరవై ఇద్దరూ కూర్చున్నారు. అన్నం, పప్పు, పచ్చిమిర్చి. తల ఇంకా తడి ఆరలేదు ఎవరికీ. అప్పుడే మాలిక్ గొడుగు వేసుకుని గల్లీ మొదట్లోకి వచ్చాడు. పొయ్యి దాకా రావాలంటే వాళ్ల మధ్య నుంచే రావాలి. తినేవాణ్ణి లేవమనడం ఏ కులానికీ, ఏ మతానికీ ఆచారం కాదు. ఎవరూ తల ఎత్తలేదు, ఎవరూ కాళ్లు ముడవలేదు. ఒకడు మారు అన్నం అడిగాడు, ఇంకొకడు కూడా. మాలిక్ గొడుగు పట్టుకుని ఆ వానలో నిలబడే ఉన్నాడు. వాళ్లు నెమ్మదిగా, ప్రతి మెతుకూ ఏరుకుని, తింటూనే ఉన్నారు.