గుమ్మడికాయకి ఫ్రీగా వచ్చిన మసిగుడ్డ

మొన్న చోడవరం బస్టాండు దగ్గర టీ తాగుతుంటే కాలిన గుడ్డ వాసన వచ్చింది. కొట్టతను పాలగిన్నె దించుతుంటే చేతిలోని మసిగుడ్డ చివర మంటకి తగిలింది. ప్రమాదమేమీ కాదు. దాన్ని నేలకేసి తొక్కి, మళ్ళీ అదే గుడ్డతో గ్లాసు తుడిచి నాకిచ్చాడు. నేను తాగేశాను కూడా. ఆ వాసన మాత్రం ముక్కులోంచి పోలేదు. డిసెంబరు చలిలో నూలుగుడ్డ కాలితే నాకు ఎస్తేరు టీచరు గారు గుర్తొస్తారు. ఒక మనిషిని మసిగుడ్డని చూసి తలుచుకోవడం మర్యాద కాదని తెలుసు. ఆవిడైతే ఏమీ అనుకునేవారు కాదు. ‘మల్లెపూలు సూసి తలుసుకోడానికి నేనేటి సినిమా హీరోయిన్నా’ అనేవారు.

ఆవిడ మా చర్చిలో సండే స్కూలు టీచరు. మిగతా రోజుల్లో ఎలిమెంటరీ బడిలో పాఠాలు చెప్పేవారు. మా వీధి చివర ఒక గది, ముందు రేకుల వరండా, అందులో ఆవిడొక్కరే. ఎందుకు పెళ్ళి చేసుకోలేదన్న దానిమీద మా వీధిలో రకరకాల కథలుండేవి. అన్నింట్లోనూ ఒక మిలటరీ అతను ఉండేవాడు. మా పిన్ని ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది. ‘అడిగినోళ్ళు నచ్చనేదు, నచ్చినోళ్ళు అడగనేదు. మీ ఇంట్లో పప్పు మాడతన్నట్టుంది, సూసుకో’ అన్నారట. మిలటరీ అతను ఆ రోజుతో రిటైరయ్యాడు.

నేను పిన్ని ఇంట్లో పెరిగాను. అమ్మ హైదరాబాదులో ఒకరింట్లోనే ఉండి వాళ్ళకి వంట చేసేది. నాన్న ఉన్నాడు గానీ, ఎక్కడున్నాడో ఆయనకే తెలియాలి. పిన్ని మంచిది, బాబాయి మంచివాడు, పెట్టింది తిని చెప్పింది చేసే నేనూ మంచివాణ్ణే. ఇంతమంది మంచివాళ్ళున్న ఇంట్లో ఏడవడానికి చోటుండదు. అందుకని జోకులు వేసేవాణ్ణి.

డిసెంబరు వచ్చిందంటే శనివారం మధ్యాహ్నాలు పిల్లలందరం టీచరు గారి వరండాలో చేరేవాళ్ళం. క్రిస్మస్‌కి ఇంట్లో ఒకరికి మా చేతులతో ఏదైనా చేసి ఇవ్వాలి. కొన్నది పనికిరాదు. అంతవరకు ఏ టీచరైనా పెట్టే రూలే. ఆవిడ ఇంకొకటి పెట్టారు. ఏం చెయ్యాలో ముందే అనుకోకూడదు. ఎవరికి ఇవ్వాలో వాళ్ళ దగ్గరకెళ్ళి ముందు కాసేపు ఊరికే కూర్చోవాలి.

‘కూకుని ఏటి సెయ్యాలండీ?’ అన్నాడు దానియేలు.

‘ఏటి నేదో సూడాల. ఉన్నవి అందరికీ కనబడతాయి.’

దానియేలు వాళ్ళ తాత మంచం పక్కన కూర్చుని వచ్చాడు. చేతికర్ర ఎప్పుడూ జారి మంచం కిందకి పోతుందని, ముసలాయన దానికోసం పాకుతున్నాడని కనిపెట్టాడు. పాత లుంగీ చింపి జడలా అల్లి, మంచం కోడుకి తగిలించడానికి ఒక ఉచ్చు తయారుచేశాడు. అంతకు ముందు ఏడాది అదే తాతకి గ్రీటింగు కార్డు చేశాడు వీడు. ఆయనకి చదువు రాదు.

నా వంతొచ్చింది. ‘మా అమ్మ దగ్గర లేనిది నేనొక్కణ్ణేనండి. గోనెసంచిలో కట్టి పార్సిలు పంపించేస్తే సరిపోద్ది’ అన్నాను. వరండా అంతా నవ్వింది. టీచరు గారు సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండా, ‘వచ్చే యేటికి పెరిగిపోతావు, గోనె సరిపోదు. ఇంకోటి సెప్పు’ అన్నారు.

‘హైదరాబాదెళ్ళి కూకోలేను కదండీ.’

‘ఆదివారం ఫోన్లో మాటాడతావు కదా. అందులో కూకో.’

కూర్చున్నాను. అమ్మ ఎప్పుడూ పొయ్యి దగ్గర నిలబడే మాట్లాడేది. ఏం తిన్నావు, పిన్ని మాట వింటన్నావా అన్నదాకా బాగానే సాగేది. నేను ఏదో మొదలుపెట్టేసరికి, ‘ఉండు నాన్నా, గిన్నె దించాల... అబ్బ, సెయ్యి కాలింది. మళ్ళీ సేస్తాను’ అని పెట్టేసేది. మళ్ళీ అంటే వచ్చే ఆదివారం. ఇదంతా వెళ్ళి చెప్పాను. ‘అయితే తెలిసిపోయింది కదా’ అన్నారావిడ. నాకు తెలియడానికి ఇంకాస్త సేపు పట్టింది. తెలిశాక ఏడుపొచ్చినంత పనైంది. పిల్లలందరూ ఏవేవో చేస్తుంటే నేను మసిగుడ్డ చెయ్యాలి. వంటింట్లో చీపురు తర్వాత దాని స్థానం.

చిరిగిపోయిన నా ఖాకీ నిక్కరు అడుగున, పిన్ని పాత నేత చీర ముక్క పైన, వేడి ఆపడానికి మధ్యలో గోనెపట్టా. బొంత కుట్టినట్టు దగ్గర దగ్గరగా కుట్లు వెయ్యాలి. గోనెలోంచి సూది దిగదు, దిగితే నా వేలు దాకా ఆగదు.

‘కుట్టు వంకర పోయిందండీ.’

‘పోనీ. నువ్వు తిన్నగా కుట్టేవో వంకరగా కుట్టేవో గిన్నెకి తెలీదు.’

మాతోపాటు ఆవిడా ఏదో ఒకటి కుట్టేవారు. ఎవరికండీ అంటే, ‘ఇంకా సూస్తన్నాను’ అనేవారు. పండగ అయిపోయేది. ఆవిడ చూస్తూనే ఉండేవారు.

ఆ క్రిస్మస్‌కి తప్పకుండా వస్తానంది అమ్మ. ముందురోజు సాయంత్రం ఫోను చేసి, ఆ ఇంటికి చుట్టాలొచ్చారని, సెలవియ్యలేదని చెప్పింది. ‘పర్వాలేదులేమ్మా, ఇక్కడ కేకు ఒక ముక్క మిగుల్తుంది’ అన్నాను. అమ్మ నవ్వింది. నేను వెయ్యాలనుకుని వేసిన జోకే.

మర్నాడు ఆరాధన అయ్యాక పిల్లలందరూ చర్చి ఆవరణలో తమ వాళ్ళకి ఇచ్చుకుంటారు. నేను మాత్రం మసిగుడ్డ పట్టుకుని ఎండలో నిలబడాలి. ఆరాధనలో కూర్చుని అదే తలుచుకుంటుంటే కానుకల సంచి నా ముందుకొచ్చింది. దేవుడికి వేసేదీ కానుకే, టీచరు గారు చేయించిందీ కానుకే. మాట ఒకటే అవడం ఆ పూటకి కలిసొచ్చింది. మడతపెట్టి సంచిలో కుక్కేశాను.

మా చర్చిలో పండగ కానుకగా కోడి, గుడ్లు, బెల్లం దిమ్మ, గుమ్మడికాయ, ఇలా డబ్బు కానిది ఏదొచ్చినా బయట వేలం వేస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. మసిగుడ్డకి కూడా వర్తిస్తుందని తెలియదు. వేలం వేసేది సంఘ పెద్ద జాకోబు గారు, బెల్లం వ్యాపారి. ఆయన మామూలుగా మాట్లాడినా పక్కనున్న వడ్డాది దాకా వినిపిస్తుంది.

‘ఇదేటర్రా ఇది?’ అని రెండువేళ్ళతో పైకెత్తి పట్టుకున్నారు. ‘మసిగుడ్డలాగుందే.’

‘వాడిందా, కొత్తదా?’ అన్నారెవరో.

‘కొత్తదే. గుడ్డలే పాతవి. పాడండి, పాడండి.’

జనం విరగబడి నవ్వారు. ఎవరూ పాడలేదు. ఆయన గాలిలో ఆడిస్తున్నకొద్దీ నా ఖాకీ నిక్కరు జేబు ముక్క కనిపిస్తోంది. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. అది చాలదన్నట్టు, ‘గుమ్మడికాయకి ఫ్రీగా ఇచ్చియ్యండి’ అని అరిచాను.

‘గుంటడి తెలివి సూసేరా’ అని మెచ్చుకుని, జాకోబు గారు దాన్ని తీసుకెళ్ళి నిజంగానే గుమ్మడికాయ మీద వేశారు.

గుమ్మడికాయ కోసం హోటలు అప్పలనాయుడు గారు ఏటా వచ్చేవారు. ఆయన ఆరాధనకి రారు, వేలానికి మానరు. పాట మొదలైంది. ఆయన పాడారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎస్తేరు టీచరు గారు పాడారు. ఆయన తిరిగి చూసి, నవ్వి, పెంచారు. ఆవిడ నవ్వకుండా పెంచారు. కాయ ఇద్దరు మనుషులు ఎత్తేంత ఉంది. ఆవిడది ఒంటి ప్రాణం. ‘టీచరు గారూ, ఏడాదంతా ఇదే తింటారేటండీ?’ అన్నారు నాయుడు గారు చివరికి, విసిగిపోయి వదిలేస్తూ.

‘నచ్చింది నాయుడు గారూ’ అన్నారావిడ.

కాయ మోసే పని నాకూ దానియేలుకీ పడింది. వరండాలో దించగానే వాణ్ణి పంపేసి, టీచరు గారు మసిగుడ్డ తీసి దులిపారు. ఒక మూల కుట్టు ఊడింది. సూది నా చేతికిచ్చారు.

‘మీరే ఉంచుకోండి, కొన్నారు కదా.’

‘నేను కొన్నది గుమ్మడికాయి. ఇది మీ అమ్మది, అడ్రసు తప్పొచ్చింది.’ కాసేపు నేను కుట్టడం చూశారు. తర్వాత, ‘అందరికంటే గట్టిగా నవ్వేవేం యోనా?’ అన్నారు.

‘నవ్వొచ్చిందండీ.’

‘నువ్వేసే జోకు కింద ఎవరైనా పడ్డారేమో ఒకసారి సూసుకుంటుండు. ఒక్కోసారి నువ్వే ఉంటావు.’

సూది గుచ్చుకున్నట్టు వేలు నోట్లో పెట్టుకున్నాను. నిజానికి గుచ్చుకోలేదు. అది ఆవిడకీ తెలుసు. లోపలికెళ్ళి కత్తిపీట తెచ్చుకుని, నాకు వీపు పెట్టి కూర్చుని, అవసరానికి మించి చాలాసేపు గుమ్మడికాయ తరిగారు. ఆ వారమంతా మా వీధిలో ప్రతి ఇంట్లోనూ దప్పళమే.

సెలవులయ్యాక పార్సిలు ఆవిడే పంపించారు. కొన్ని ఆదివారాల తర్వాత ఫోన్లో ఎప్పటిలాగే గిన్నె చప్పుడైంది. ‘సరేలేమ్మా’ అని నేనే పెట్టేయబోయాను.

‘పెట్టీకు నాన్నా. దించేసేనులే. సెయ్యి కాలనేదు. నువ్వు సెప్పు’ అంది అమ్మ.

చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. అన్నాళ్ళూ చెయ్యి కాలేలోపు అయిపోయే మాటలే పోగుచేసుకున్నాను. ఇద్దరం ఫోను పట్టుకుని అలాగే ఉన్నాం. అక్కడ ఇంకో పొయ్యి మీద చారు మరిగింది.

టీచరు గారు రిటైరయ్యాక కె.కోటపాడులో తమ్ముడింటికి వెళ్ళిపోయారు. మొన్న వేసవిలో పోయారు. వెళ్ళాను. దానియేలూ వచ్చాడు. షామియానా కింద పాత పిల్లలందరం చేరి ఆవిడ మాటలు చెప్పుకున్నాం. గుమ్మడికాయ వేలం నేనే చెప్పాను, జాకోబు గారి గొంతుతో సహా. చావింట్లో నవ్వు ఆపుకోలేక ఒకరిద్దరు బయటికి వెళ్ళారు. నాకు నా నవ్వు విడిగా వినిపించింది. ఆవిడ దగ్గర నుంచి నాతో వచ్చేసింది ఇదే. నలుగురిలో నవ్వినప్పుడల్లా నా గొంతు ఎంత పైకి లేచిందో చూసుకుంటాను. లేచిందంటే, ఏదో ఉందన్నమాట.

ఆ రాత్రే చోడవరం వచ్చి గది తాళం తీశాను. సెల్లుఫోన్ల షాపులో పని, ఒంటి గది, లోపల అలికిడి ఉండదు. అమ్మ ఇంకా హైదరాబాదులోనే, వేరే ఇంట్లో వండుతోంది. ఫోన్ చేశాను.

‘ఏటి నాన్నా, ఈ టైములో?’

‘ఏం లేదమ్మా. బెంగగా ఉంది.’

తర్వాత వచ్చే జోకు కోసం అమ్మ ఆగింది. నేనూ ఆగాను. రాలేదు.