ముప్పై ఎనిమిది అవునులు

ఎవరింటికి వెళ్లినా సుగుణ ముందు మంచినీళ్లు అడుగుతుంది. దాహం ఉన్నా లేకున్నా. ఇంటివాళ్లు తాగే గ్లాసులోనే అడుగుతుంది. అంచుకు పెదవి ఆనించి, చివరి చుక్క దాకా తాగుతుంది. ఆ తర్వాతే సంచిలోంచి కాగితాలు తీస్తుంది.

ఆమెది పాలకుర్తి. వయసు నలభై రెండు. కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. అత్తగారింట్లో ఆమె గ్లాసును వేరు చేసి, బయట గోడ మీద బోర్లించేవాళ్లు. కూతురు దీపకు జబ్బు రాలేదు. మందులు వేసుకుంటూ సుగుణ పదిహేడేళ్లుగా బాగానే ఉంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఒక పరిశోధన జరుగుతోంది. హెచ్‌ఐవీ మందులకు వచ్చే ఆడవాళ్లకు గర్భసంచి పరీక్ష, కాన్పు సలహా, అన్నీ ఒకే రోజు, ఒకే గదిలో అందిస్తే మేలేనా అన్నది ప్రశ్న. జనగామ ఆసుపత్రిలో ప్రతి మంగళవారం అలాంటి గది ఒకటి ఇప్పటికే నడుస్తోంది. జనగామ వైపు ఇంటింటికీ తిరిగి అడిగే పని సుగుణకు ఇచ్చారు. తమలాంటి మనిషి అడిగితే నోరు విప్పుతారని.

ముప్పై ఎనిమిది మందిని అడిగింది. అందరూ అవునన్నారు.

జవాబుల నాణ్యత చూసే శ్రీజ హనుమకొండ నుంచి వచ్చింది.

"అక్కా, భూపాలపల్లిల సగం మంది కాదన్నరు. నీ దగ్గర ఒక్కరు గూడ అనలే. మళ్ల అడిగి సూడాలె."

చీటీలు తీసి నలుగురిని ఎంచుకుంది. మొదటి మూడు ఇళ్లలో సుగుణ గడప దగ్గరే కూర్చుంది. ముగ్గురూ ఆమె వైపు చూసి అవునన్నారు. నాలుగో ఇల్లు దేవరుప్పుల అవతల తండాలో, చంద్రిది. అక్కడ శ్రీజ ఆమెను రోడ్డు మీదే ఉండమంది.

కాసేపటికి చంద్రే రోడ్డు దాకా వచ్చింది.

"అక్కా, నీకు అబద్ధం జెప్పిన."

"ఏం అబద్ధం?"

"గా గది మంచిగున్నదన్న. మందులు మింగుతున్ననన్న. రెండు నెలలాయె తెచ్చుకోక. మంగళవారం గా గది ముందట కూసున్నోళ్లు ఏ జబ్బోళ్లో అందరికీ ఎరుకే. మా వదినె సూసింది."

"మరి నాకెందుకు జెప్పలే?"

"కాదంటె నీ నౌకరి పోతదేమో అనుకున్న. నువ్వు మా ఇంట్ల నీళ్లు తాగినవు."

"పిచ్చిదానా, నా నౌకరి కోసం నీ పాణం మీదికి తెచ్చుకుంటవా?"

"గిట్ల తిడతవని గూడ జెప్పలే."

సుగుణ నవ్వింది.

"రేపు పొద్దుగాల మానుకోట పోదాం," అంది. మానుకోట అంటే మహబూబాబాద్. "గక్కడి దవాఖానల నిన్నెవ్వలు ఎరుగరు."

చంద్రి వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

తిరుగుదారిలో శ్రీజ స్కూటీ ఆపింది.

"నాలుగిట్ల ఒక్కటే తేడా, అక్కా. గీ ఒక్కటి సరిజేస్తె మిగతావి నిలుస్తయి."

"నిలువయి. నా మొఖం జూసి జెప్పిన్రు. వేరెటోళ్లు అడగాలె."

"గట్లయితె నీ పని మొత్తం కొట్టేస్తరు. నిన్ను మళ్ల పెట్టుకుంటరో లేదో."

"ఎరుకే, బిడ్డా. అందరు అవునన్నరని రాస్తె ఊరూరికి గసొంటి గదులే పెడ్తరు. చంద్రి లెక్క ఎంతమంది మందులు బంద్ జేస్తరో."

శ్రీజ కలం తీసి ఇచ్చింది. సుగుణ కల్వర్టు మీద కూర్చుని, ఒక్కొక్క కాగితం పైన రాసింది: మళ్లీ అడగాలి. అడిగేది నేను కాకూడదు. ముప్పై ఎనిమిది సార్లు రాసేసరికి పొద్దు వాలింది.

మర్నాడు ఆరింటికల్లా ఆమె దేవరుప్పులలో రోడ్డు పక్కన నిలబడి ఉంది. చంద్రి రాలేదు. మొదటి బస్సు పోయింది. రెండోదాన్ని కూడా పోనిచ్చింది. మూడో బస్సు వచ్చేసరికి చంద్రి ముఖం మీదికి కొంగు లాక్కుని, తండా వైపు నుంచి గబగబా నడిచి వస్తోంది. సుగుణ ఒక కాలు మెట్టు మీద పెట్టి, చెయ్యెత్తి, డ్రైవర్ని ఆగమంది.