దసరా నాటి పడుగు

ఆ పడుగు తడిసి పాడైపోవాలని దసరా నాడు అరుగు మీద కూర్చుని మొక్కుకున్నాను. అబద్ధమెందుకు, నిండు మనసుతోనే మొక్కుకున్నాను.

అవి నిజాం రోజులు. నాకు పదహారేళ్లు. గద్వాలలో మాది మగ్గం ఇల్లు. నాయిన నేస్తుంటే పక్కన కూర్చుని పట్టు అంచు పోగును అటూ ఇటూ నడిపే నాడె వేసేదాన్ని. నూలు నేతకు పట్టు అంచును పోగు పోగునా కలిపే చోటును కుట్టు అంటాం. ఎదురింటి అబ్బాయి సావుకారి దగ్గర మా చీర చూసి, కుట్టు వదులుగా ఉందన్నాడు. అంతే, సంస్థానం కోటకు పోయే చీరల పని నాయిన చేతిలోంచి పోయి అతని మగ్గానికే చేరింది. నాయిన తల వంచుకుని ఇంట్లోనే ఉండిపోయాడు. పగ తీర్చుకుంటానని ఒట్టు పెట్టుకున్నాను. ఆ కుట్టు వేసింది నేనేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

దసరా నాడు మావాళ్లు పని ముట్టరు. ఆ ఎదురింటి మహానుభావుడు తొందరకొద్దీ, మగ్గానికెక్కించే నిలువు పోగుల పడుగును వీధి పొడుగునా చాపి గంజి పెట్టాడు. వీధంతా జమ్మికి పోయింది. మబ్బు పట్టింది. తడిస్తే పోగులు అంటుకుని తెగుతాయి, పడుగు చుట్టి తీయాలంటే రెండు కొసలా ఇద్దరుండాలి. ఒక్కడే ఆ కొసకూ ఈ కొసకూ ఉరుకుతున్నాడు. బాగా అయింది అనుకున్నాను. కానీ నన్ను చూసి కూడా పిలవడేం? ఎందుకు పిలవడు? అది తెలుసుకోకుండా కూర్చోలేకపోయాను. మొదటి చినుకు పడేసరికి రెండో కొస నా చేతిలో ఉంది.

చుట్టుకుంటూ ఇద్దరం దగ్గరికొస్తున్నాం.

"నన్నెందుకు పిల్వలే?" అన్నాను.

"ఏ మొఖం పెట్టుకొని పిలుస్త? కండ్లకు కనబడ్డది చెప్పిన. గిట్లయితదని తెల్వదు."

"గా కుట్టు నాది." నోరు జారింది.

అతను చెయ్యి ఆపలేదు. "జర బిగ్గ పట్టు, తడుస్తున్నది" అన్నాడు. ఆ మాటకే నాకతని మీద మనసైంది.

ఇంట్లోకి పోయి నాయినకు చెప్పేశాను.

"నా పక్కన కూసొని నువ్వేసింది నాకు తెల్వదా బిడ్డా? నీ పేరు చెప్తే నిన్ను మళ్లెవడు మగ్గం ముట్టనిస్తడు?" అన్నాడు.

వెక్కి వెక్కి ఏడ్చాను. మరునాడు సావుకారికి నేనే చెప్పాను. నాయిన పని నాయినకొచ్చింది, నాకు మగ్గం దూరమైంది. రెండేళ్లకు మా పెళ్లయింది. మూడోనాడే అతను నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, కోటకు పోయే చీరకు కుట్టు వేయమన్నాడు.