క్యారియర్ కింది గిన్నెలో మా పెండ్లిళ్లు

మా పత్తికొండలో స్టూడియో మామను నడిబజారులో దొంగ అన్నారు. అన్నది నేనే. నా వెనక ఇరవై మంది ఉన్నారు, స్టూడియో యజమాని కూడా ఉన్నాడు, కానీ ఆ మాట మొదట వచ్చింది నా నోట్లోంచి. మంగళవారం పొద్దున ఆయన చనిపోయాడని ఫోను వచ్చింది. గుండె ఆగిందట. అప్పుడు నేను టమాటా మార్కెట్ దగ్గర టీ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టాను, మళ్ళీ తీసుకుని తాగాను. రుచి తెలియలేదు. సమాధుల తోట దాకా నడిచి వెళ్ళి మట్టి వేసి వచ్చాను. ఇప్పటిదాకా ఏడుపు రాలేదు. రాస్తే లోపల ఏమైనా కదులుతుందేమోనని రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. ఊరందరికీ మామే. స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని పెండ్లి ఆల్బములు తయారు చేసేవాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి పెండ్లయినా చివరికి ఆయన చేతుల మీదుగానే పుస్తకమయ్యేది. మా యువజన సంఘం కరపత్రాలు కూడా అక్కడే దిద్దించుకునేవాళ్ళం. అట్లా పరిచయం.

నేను పెన్ డ్రైవ్ ఇచ్చిన మొదటిరోజే తగాదా అయింది. లోపల పెద్ద కంప్యూటర్ ఖాళీగా ఉంది. మామ దానికి పెట్టలేదు. గుమ్మం పక్కన స్టూలు మీద దుమ్ము పట్టిన పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. దానికి నెట్ లేదు. బయటినుంచి ఏది వచ్చినా ముందు అందులో పెట్టి, బాగుందని తేలాకే లోపలికి తీసుకునేవాడు.

"మామా, నాకు తొందరుండాది. లోపలిదానికే పెట్టు."

"చెప్పులు యాడ ఇడుస్తావప్పా, గడప బయటనా, పొయ్యి కాడనా?"

"ఇది చెప్పు గాదు, కరపత్రం."

"నీ కరపత్రంలో విప్లవం ఉండాదో వైరస్ ఉండాదో సూడల్ల గదా. విప్లవమైతే లోపలికి రానిస్తాలే."

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నాకు మండింది. పేదవాడి మీద అనుమానం, పెద్దవాడి మీద నమ్మకం అని ఏదో ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన తల ఊపుతూ వింటూనే నా కరపత్రంలో మూడు అక్షరదోషాలు దిద్ది ఇచ్చాడు.

యజమాని పాస్‌వర్డ్‌ను చీటీ మీద రాసి కంప్యూటర్‌కే అంటించేవాడు. మామ దాన్ని పీకి జేబులో వేసుకునేవాడు. రెండు రోజులకు ఇంకో చీటీ వెలిసేది. "తాళానికే చెవి కట్టి పెడితే ఇంక తాళం యాలప్పా?" అని మామ విసుక్కునేవాడు. ఆ చీటీల యుద్ధం ఏళ్ళపాటు సాగింది.

అన్నిటికంటే ఊరు నవ్వుకున్నది ఆయన అన్నం క్యారియర్‌ను చూసి. సాయంత్రం ఆరు కాగానే ఆనాటి పనంతా ఒక చిన్న హార్డ్ డిస్కులోకి ఎక్కించేవాడు. ఎక్కడం అయిందని చూసుకుని, వైరు పీకి, డిస్కును చేతిరుమాల్లో చుట్టి, కడిగిన క్యారియర్ కింది గిన్నెలో పెట్టి మూత వేసేవాడు. క్యారియర్ సైకిలుకు తగిలించుకుని ఇంటికి పోయేవాడు. "మామా, రేత్రికి కూరేంది?" అని అంగళ్ళవాళ్ళు కేకలేసేవాళ్ళు. "నీ పెండ్లాంతో నీ పెండ్లి రా" అనేవాడు.

ఎందుకింత అవస్థ అని ఒకసారి అడిగాను. చాలా ఏళ్ళ కింద ఎవరో తెచ్చిన పెన్ డ్రైవ్ వల్ల ఒక పెండ్లి ఫోటోలన్నీ చెడిపోయాయట. కొన్ని నెలలకు పెండ్లికూతురి తండ్రి పోయాడు. ఆయనకు వేరే ఫోటో లేదు. గోడకు తగిలించుకోవడానికి ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఆ అమ్మాయి స్టూడియోకు వచ్చిందట.

"తిట్టింటే బాగుండు. తిట్టలేదప్పా. సరేలేన్నా అని ఎలబారింది. దుడ్లు పోతే మళ్ళా వస్తాయి. పెండ్లి మళ్ళా చేస్తామా?"

పోయిన పెండ్లిళ్ళ కాలంలో మా అక్క పెండ్లి అయింది. ఆ ఫోటోలు, ఇంకా ఎన్నో పెండ్లిళ్ళ ఫోటోలు స్టూడియోలో ఉన్నాయి. ఒక ఆదివారం పదకొండు గంటలకు వార్త పాకింది: కంప్యూటర్‌లో ఏదీ తెరుచుకోవడం లేదు, ఫైళ్ళన్నిటికీ ఎవడో తాళం వేశాడు, అడిగినంత కడితేనే తీస్తానని తెర మీద ఇంగ్లీషులో రాసి పెట్టాడు. మేము పరుగెత్తేసరికి యజమాని మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"నాకేం తెలుసప్పా. రోజూ ఫోటోలు ఇంటికి తీసుకపొయ్యేది ఆయప్పే కదా" అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది. ఆడపిల్లల ఫోటోలు, ఇంటికి తీసుకుపోవడం, తాళం. మూడింటినీ కలిపి నేనే కథ అల్లాను. కరపత్రాలు చదివి, లోకంలో దొంగలెవరో నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి.

అప్పుడే మామ చర్చినుంచి వచ్చాడు. తెల్లచొక్కా, ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో క్యారియర్. వార్త విని ఇంటికి పోయి తెచ్చాడు. మా మొహాలు చూసి, మేము భయపడుతున్నామనుకున్నాడు.

"ఏం బాధపడాకండప్పా. ఫోటోలన్నీ నా తాననే ఉండాయి" అన్నాడు.

ధైర్యం చెప్పడానికి అన్నాడు. మేము దాన్ని ఒప్పుకోలు అనుకున్నాం. క్యారియర్‌లోంచి డిస్కు లాక్కుని పెద్ద కంప్యూటర్‌కు పెట్టబోయాం, ఏముందో చూద్దామని. మామ అడ్డం నిలబడ్డాడు.

"దీనికి పెట్టాకండి. ఇది కూడా పోతాది."

"నువ్వేం దాచినావో బయటపడ్తాదనేనా?"

"తిట్టండి. కొట్టండి. దీన్ని మాత్రం ఈడ పెట్టనీయను."

అప్పుడే అన్నాను ఆ మాట. చెయ్యి కూడా పట్టి లాగాను. బైబిలు కింద పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు. డిస్కును మా చేతుల్లోంచి పీక్కుని, రెండు చేతులతో పొట్టకు అదుముకుని, మమ్మల్ని తోసుకుంటూ గుమ్మం దగ్గరికి పోయి, నెట్ లేని ఆ పాత కంప్యూటర్‌కు తగిలించాడు. అది మేలుకోవడానికి చాలాసేపు పట్టింది. తెర మీద మొదట వచ్చింది మా అక్క, తలంబ్రాలు పోస్తూ.

అన్నీ ఉన్నాయి. ఒక్క పెండ్లి కూడా పోలేదు. అడిగినవాడికి ఒక్క పైసా కట్టే పని లేకపోయింది. అయినా మరుసటి రోజు యజమాని మామను పనికి రావద్దన్నాడు. ఊళ్ళో మాట వచ్చింది కదా అన్నాడు.

రెండు రోజులకు కర్నూలునుంచి కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన వచ్చాడు. ఆదివారం తొమ్మిదిన్నరకు ఈ కుర్చీలోంచే ఎవరో మెయిల్ తెరిచారని, పార్సిల్ రసీదు పేరుతో వచ్చిన ఆ మెయిల్‌లోనే దొంగ లోపలికి వచ్చాడని చెప్పాడు. ఆ డిస్కును కూడా దీనికి తగిలించి ఉంటే ఏమీ మిగిలేది కాదన్నాడు. తొమ్మిదిన్నరకు మామ చర్చిలో పాట పాడుతున్నాడు. కుర్చీలో ఉన్నది యజమాని. యజమాని గోడవైపు చూశాడు. నేను నేల చూశాను. దొంగ అని బజారంతా వినేలా అన్నవాళ్ళం, కాదు అని ఎక్కడా అనలేదు.

ఒకసారి ఇంటికి వెళ్ళాను, క్షమించమని అడగడానికే. "తిన్యావా అప్పా?" అన్నాడు. సద్ద రొట్టె పెట్టించాడు. అడగాల్సింది అడగకుండానే తిన్నాను. ఆయనే అన్నాడు:

"దొంగ యాడో ఉండాడప్పా, మొగం లేనోడు. వాన్ని తిట్టనీకి మీకు కుదర్లే. మొగం ఉండేవాడు నేను కనపడితిని."

కోపంగా అనలేదు. అందరి ముందు చెబుతాను, ఇంకో రోజు చెబుతాను అనుకుంటూ వచ్చేశాను.

మట్టి వేసి వచ్చాక అత్త, అంటే ఆయన భార్య, వంటింటి కిటికీలో ఉన్న క్యారియర్ చూపించింది. "పనికి పొయ్యేది లేకపాయె. అయినా సాయంత్రం ఆరు కాంగానే క్యారియర్ కడుగుతాండె. కింది గిన్నె తడి లేకుండా తుడుస్తాండె. తడి తగిల్తే చెడిపోతాదంట. ఏం చెడిపోతాదప్పా, దాంట్లో ఏముండాదని?"

అందుకే ఊరందరినీ పిలుస్తున్నాను. ఈ ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు, స్టూడియో మెట్ల దగ్గర, దొంగ అన్న చోటే. నేను అన్న మాటను నేనే వెనక్కు తీసుకుంటాను. ఆ రోజు నా వెనక ఉన్న ఇరవై మందీ రండి. యజమాని కూడా రావాలి, ఆ మెయిల్ తెరిచింది తానేనని ఒక్క మాట చెప్పాలి. ఎరువుల అంగడివాళ్ళు, మందుల షాపువాళ్ళు, టమాటా మండీలవాళ్ళు, కంప్యూటర్ ఉన్న ప్రతి ఒక్కరూ ఆనాటి పని వేరే డిస్కులోకి ఎక్కించి, వైరు పీకి, దాన్ని చేత పట్టుకుని రండి. అత్త క్యారియర్ ఇస్తానంది. మెట్ల మీద పెడతాం. కింది గిన్నె తుడిచే ఉంది. రుమాలు మడత పెట్టే ఉంది.